ఆఫ్రికా రచయిత్రులు: స్త్రీవాదానికి పలు పేర్లు

1986లో స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆఫ్రికా రచయితల మహాసభ ఒకటి జరిగినది. ఆ సభలో నైజీరియా రచయిత్రి బూచి ఎమెచెటా ప్రసంగిస్తూ, తాను స్త్రీవాదినే అయిన పక్షంలో ‘ఫెమినిజం’ అన్న ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరాన్ని తన విషయంలో చిన్న అక్షరంగానే వ్రాయాలని చెప్పారు. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదం లేదు గనుక ఈ చమత్కారం తెలుగు పాఠకునికి వెంటనే తట్టదు. ఇంగ్లీషులో సంజ్ఞావాచకాలను, సంస్థల పేర్లను, ఒక్కొక్కప్పుడు ఉద్యమాల పేర్లను పెద్ద అక్షరంతో ఆరంభిస్తారు. చిన్న అక్షరంతో ఆరంభమయ్యే మాట సామాన్యనామం. నలుగురి నోటా నలిగే మాట. ఎవరో స్థాపించిన సంఘంలో చేరి తెచ్చుకొన్న బిరుదు కాదు, ఆఫ్రికా ఆడబ్రతుకులోంచి తనకు తానై పుట్టిన ఎరుక అని ఆ చిన్న అక్షరానికి అర్థం.

ఈ ఒక్క మాటను ఆధారం చేసుకొని రెండు పక్షాలవారు రెండు అపసిద్ధాంతాలు లేవదీశారు. ఆఫ్రికా స్త్రీలే స్త్రీవాదాన్ని కాదన్నారు గనుక అది కేవలం పాశ్చాత్యుల సరకు, తూర్పు దేశాలకు, దక్షిణ దేశాలకు దానితో పని లేదు అని మొదటి పక్షం. ఈ రచయిత్రులకు తమవారిని ఎదిరించే ధైర్యం చాలలేదు, అందుచేతనే పేరు చెప్పుకోవడానికి వెనుకాడారు అని రెండవ పక్షం. తెలుగులో స్త్రీవాద కవిత్వం వెలువడిన 1980, 1990 దశకాలలోనూ దిగుమతి సరకన్న ఆక్షేపణ బలంగానే వినవచ్చినది. కాబట్టి ఆఫ్రికా రచయిత్రుల వివాదం తెలుగు విద్యార్థికి దూరపు కబురు కాదు. ఆ పేరును కాదన్నవారి నవలలు చదివితే ఈ రెండు పక్షాలలో ఏదీ నిలువదు. పేరు విషయంలో వారికి ఏకాభిప్రాయం లేదు. స్త్రీకి జరిగే అన్యాయాన్ని దాచిపెట్టడానికి మాత్రం వారిలో ఎవరూ సమ్మతించలేదు.

ముందుగా ఎమెచెటా జీవితాన్నే పరిశీలించవచ్చును. ఆమె 1944లో లాగోస్ నగరంలో ఇగ్బో జాతి కుటుంబంలో జన్మించారు. పదహారవ యేట వివాహమైనది. 1962లో భర్త ఉన్న లండన్ నగరానికి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళు నిండేనాటికే అయిదుగురు బిడ్డల తల్లి. ఆమె వ్రాసుకొన్న తొలి నవల వ్రాతప్రతిని భర్త నిప్పుల పాలు చేశాడు. ఆమె బిడ్డలతో బయటికి వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, సమాజశాస్త్రం చదువుకొంటూ, దొరికిన తీరికలో రచన సాగించారు. ‘ఇన్ ద డిచ్’ 1972లోనూ, ‘సెకండ్ క్లాస్ సిటిజన్’ 1974లోనూ వెలువడినవి. కాలిపోయిన నవలను మరల వ్రాసి ‘ద బ్రైడ్ ప్రైస్’ అన్న పేరుతో 1976లో ప్రకటించారు. బూడిదైన పుస్తకాన్ని తిరిగి వ్రాసిన స్త్రీకి ధైర్యం చాలలేదని అనగలవారెవరు? ఆమె చిన్న అక్షరం కోరినది భయం చేత కాదు. లండన్‌లో ఆమెకు ఎదురైన కష్టాలలో భర్త దౌష్ట్యం ఒకటి. నల్లవారికి ఇల్లు అద్దెకివ్వని తెల్లవారి తిరస్కారం మరొకటి. మొదటిదాన్ని గురించి మాత్రమే మాట్లాడే సిద్ధాంతం ఆమె బ్రతుకులో సగాన్ని మాత్రమే చూడగలదు.

ఎమెచెటాకు పూర్వమే త్రోవ తీసినవారు ఫ్లోరా న్వాపా. 1931లో ఒగూటా అన్న సరస్సు తీరపు పట్టణంలో జన్మించిన ఈమె ఉపాధ్యాయినిగా పనిచేశారు. 1966లో లండన్‌లోని హైనమాన్ సంస్థ ప్రకటించిన ఆమె నవల ‘ఎఫురు’తో నైజీరియా స్త్రీ వ్రాసిన నవల మొట్టమొదటిసారిగా అంతర్జాతీయ పాఠకలోకం ముందుకు వచ్చినది. న్వాపా కూడా తనను స్త్రీవాది అనిపించుకోవడానికి చాలాకాలం ఇష్టపడలేదు. అయితే ఆమె నాయిక ఎఫురు ఎటువంటిది? కన్యాశుల్కం చెల్లించే స్తోమతు లేనివాణ్ణి తానే వరించి, శుల్కం చెల్లకముందే అతని ఇంట కాపురం పెట్టినది. వ్యాపారంలో ఆమె చెయ్యి పడితే లాభమే. కట్టుకొన్నవాడు విడిచిపోతాడు, ఒక్కగానొక్క కూతురు మరణిస్తుంది, రెండవ పెండ్లి కూడా అపనిందతో ముగుస్తుంది. చివరకు ఆమె తండ్రి ఇంటికి మరలి, సరస్సు అడుగున నివసించే ఉహమిరి దేవతకు ఉపాసకురాలుగా గౌరవంతో జీవిస్తుంది. ఉహమిరి సౌందర్యాన్ని, సంపదను ప్రసాదించే దేవత. సంతానాన్ని మాత్రం ఇవ్వదు. ఆ దేవతకు బిడ్డలు లేరు, మాతృత్వపు ఆనందం ఎరుగదు. మరి స్త్రీలు ఆమెను ఎందుకు కొలుస్తున్నారు అన్న ప్రశ్నతో నవల ముగుస్తుంది.

ఆ ప్రశ్నకు పదమూడేళ్ళ తరువాత ఎమెచెటా సమాధానం వ్రాశారు. 1979లో వెలువడిన ఆమె నవల పేరు ‘ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’. అనగా ‘మాతృత్వపు ఆనందాలు’. న్వాపా నవల చివరి వాక్యాల నుంచే ఈ పేరును ఆమె గ్రహించారు. ఇందులోని నాయిక న్నూ ఈగో కోరి కోరి తల్లి అవుతుంది. తొలి బిడ్డ పోయినప్పుడు లాగోస్ వంతెన మీదినుంచి దూకబోతుంది. తరువాత అనేకమంది బిడ్డలు కలుగుతారు. వారి తిండికి, చదువుకు తన ఒళ్ళు హూనం చేసుకుంటుంది. కొడుకులు పైచదువులకు అమెరికాకు, కెనడాకు పోతారు. ఆమె మాత్రం తన వారెవరూ దగ్గర లేక దారి ప్రక్కన ప్రాణం విడుస్తుంది. అప్పుడు కొడుకులు వచ్చి ఘనంగా ఉత్తరక్రియలు జరిపి, సంతానం లేనివారు మ్రొక్కుకోవడానికి ఆమె పేర గుడి కట్టిస్తారు. మ్రొక్కినవారికి ఆమె సంతానం ఇవ్వదు. ఇంతకన్న నిష్ఠురమైన వ్యంగ్యం ఆధునిక నవలలో అరుదు. బ్రతికుండగా కూడు పెట్టనివారు చచ్చిన తరువాత చేసే శ్రాద్ధం ఎటువంటిదో తెలుగు పాఠకునికి వేరుగా బోధించనక్కరలేదు.

ఇట్టి నవలలు వ్రాసినవారు స్త్రీవాదం అన్న పేరుకు ఎందుకు ఎడంగా నిలిచారు? ఇందుకు చారిత్రకమైన కారణం ఉన్నది. ఆఫ్రికా స్త్రీకి ఎదిరించడం ఎవరో నేర్పవలసిన విద్య కాదు. 1929 నవంబరులో, ఆగ్నేయ నైజీరియాలో, స్త్రీల మీద కూడా పన్ను వేయబోతున్నారన్న వార్త వ్యాపించినది. వేలాది ఇగ్బో స్త్రీలు, వారితోపాటు ఇరుగుపొరుగు జాతుల స్త్రీలు, బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన గ్రామాధికారుల ఇండ్లను ముట్టడించారు. ఇగ్బో స్త్రీలకు అది కొత్త పద్ధతి కాదు; తప్పు చేసిన మగవాని ఇంటి ముందు గుమిగూడి, రాత్రింబగళ్ళు పాటలతో, ఆటలతో అతనిని నలుగురిలో సిగ్గుపరచడం వారి పూర్వాచారం. సైనికుల తుపాకులకు యాభైమందికి పైగా స్త్రీలు బలి అయినారు. బ్రిటిష్ అధికారులు తమ దస్తావేజులలో దీనిని ‘అబా అల్లర్లు’ అని వ్రాసుకొన్నారు. ఇగ్బో భాషలో దాని పేరు ‘స్త్రీల యుద్ధం’. అల్లరి అన్న మాటకూ యుద్ధం అన్న మాటకూ ఎంత దూరమున్నదో గమనిస్తే, పేరు పెట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆఫ్రికా రచయిత్రులు అంత విలువ ఎందుకు ఇచ్చారో బోధపడుతుంది. తమ తల్లుల పోరాటానికి పరులు పెట్టిన పేరు ఒకసారి అబద్ధమైనది. కాబట్టి పరులు తెచ్చిన మరొక పేరును, అది మేలుకోరి తెచ్చినదే అయినా, వారు వెనుకముందు చూడక స్వీకరించలేకపోయారు.

ఈ కారణం చేతనే గత నలభై ఏళ్ళలో పలు కొత్త పేర్లు పుట్టినవి. అమెరికాలోని నల్లజాతి రచయిత్రి ఎలిస్ వాకర్ 1983లో ‘వుమనిజం’ అన్న భావానికి నిర్వచనం కూర్చారు. 1985లో నైజీరియా విమర్శకురాలు చిక్వెన్యె ఒకోంజో ఒగున్యెమి, ఆమెతో నిమిత్తం లేకుండానే తాను ఆ మాటకు చేరుకొన్నానని చెబుతూ, నల్లజాతి రచయిత్రికి స్త్రీ సమస్య ఒక్కటే చాలదనీ, జాతి, దారిద్ర్యం, వలసపాలన కూడా దానితో పెనవేసుకొన్నాయనీ వాదించారు. మొలారా ఒగుండిపె 1994 నాటి గ్రంథంలో ‘స్టివా’ అన్న మాట కల్పించారు. ఆఫ్రికా స్త్రీలను కూడా కలుపుకొని సాగే సామాజిక పరివర్తన అని దాని భావం. 1995లో కేథరిన్ అచొలొను ‘మదరిజం’ అన్నారు. గ్రామంలో నేలతల్లిని, బిడ్డలను సాకే తల్లి ఆ వాదానికి కేంద్రం. 2004లో ఒబియోమా న్నఎమెకా ‘నెగో స్త్రీవాదం’ అన్నారు. ఇంగ్లీషులో రాయబారానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే మాటలోని తొలి భాగం ‘నెగో’. అహంకారం లేనిది అన్న శ్లేష కూడా అందులో ఉన్నది.

ఇన్ని పేర్లు చూచి విద్యార్థి బెదరనక్కరలేదు. వీటన్నిటికీ మూలమైన విషయాన్ని ఒగుండిపె ఒక ఉపమానంలో ఇమిడ్చారు. ఆఫ్రికా స్త్రీ వీపు మీద ఆరు పర్వతాలు ఉన్నవని ఆమె అన్నారు. బయటినుంచి వచ్చిన పీడన ఒకటి, పూర్వాచారాల భారం రెండవది, వలసపాలన వల్ల సంక్రమించిన వెనుకబాటు మూడవది, మగవారు నాల్గవది, జాతి వివక్ష అయిదవది. ఆరవ పర్వతం స్త్రీ తానే. ఈ తలక్రిందుల విలువలన్నిటినీ తనలో జీర్ణించుకొన్న ఆమె మనస్సే. ఆరింటిలో మగవాడు ఒక్కడే అన్నమాట నిజం. అయితే ఆ ఒక్క పర్వతాన్ని ఆమె లెక్కలోనుంచి తీసివేయలేదన్నది కూడా అంతే నిజం. మొదటి మాటను మాత్రమే ఉదహరించి రెండవ మాటను మ్రింగివేయడం న్యాయమైన విమర్శ అనిపించుకోదు.

అయితే ఈ పేర్లన్నిటినీ ఒకే తక్కెడలో తూచరాదు. మాతృత్వమే స్త్రీకి పీఠమన్న వాదంలో ఒక ప్రమాదం దాగియున్నది. ఆ పీఠం మీద కూర్చోబెట్టి పూజించి, ఆమె ఆకలిని మరచిపోవచ్చును. న్నూ ఈగో పేర కట్టిన గుడి అటువంటి పీఠమే. అచొలొను గ్రంథం వెలువడడానికి పదహారేళ్ళు ముందే ఎమెచెటా నవల దానికి ప్రత్యుత్తరం ఇచ్చివేసినది. అదే విధంగా, జాతి విముక్తి ముందు, స్త్రీ విముక్తి తరువాత అన్న వరుసక్రమం కూడా అంగీకరించదగినది కాదు. ఒగున్యెమి ఆ వరుసను కోరలేదు; కాని ఆమె మాటను అరువు తెచ్చుకొన్న కొందరు దానిని స్త్రీని వేచియుండుమని చెప్పడానికే వాడుకొన్నారు.

ఇక వ్యాకరణంతో ముడిపడిన వాదం ఒకటి ఉన్నది. భాషోపాధ్యాయులకు ఇది ప్రత్యేకంగా ఆసక్తి కలిగించవచ్చును. ఒయెరోంకె ఒయెవుమి 1997లో ప్రకటించిన గ్రంథంలో, యోరుబా భాషలో అతడు, ఆమె అన్న భేదం తెలిపే సర్వనామాలు లేవనీ, ఆ సమాజంలో పెద్దాచిన్నా అన్న వయోభేదమే ప్రధానమనీ, స్త్రీ అన్న తక్కువ తరగతి వలసపాలకుల సృష్టి అనీ వాదించారు. ఆలోచింపజేసే వాదమే. కాని వ్యాకరణం నుంచి వ్యవహారానికి ఇంత సులభంగా వంతెన కట్టవచ్చునా? తెలుగు వ్యాకరణం స్త్రీని ఏకవచనంలో మహద్వర్గానికి వెలుపల నిలుపుతుంది. ‘సీత వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అన్న వాక్యాలలో క్రియారూపం ఒక్కటే. బహువచనంలో అదే స్త్రీ పురుషుని సరసన చేరి ‘వారు వచ్చారు’ అనిపించుకుంటుంది. ఒక్కతె అయితే హీనమనీ, పదిమంది చేరితే సమానమనీ దీనినిబట్టి సమాజ చరిత్ర వ్రాయబోతే పండితులు నవ్వుతారు. సర్వనామంలో భేదం లేనంత మాత్రాన సంసారంలో భేదం లేదని నిర్ణయించడమూ అటువంటిదే.

భాషలో మాట లేకపోవడాన్ని గురించి ఘనా దేశపు రచయిత్రి అమా అటా ఐడూ మరింత లోతుగా ఆలోచించారు. 1991లో వెలువడిన ‘ఛేంజెస్’ అన్న ఆమె నవలలో నాయిక ఎసీ, గణాంకశాస్త్రం చదివిన ఉద్యోగిని. భర్త ఆమె ఇష్టానికి విరుద్ధంగా ఆమెను బలాత్కరిస్తాడు. జరిగినదానికి ఏమి పేరు పెట్టాలని ఎసీ ఆలోచిస్తుంది. భర్త చేసిన బలాత్కారాన్ని తెలిపే మాట తన మాతృభాషలో లేదే! నలుగురిలో ఈ మాట ఎత్తితే, ఇది మన భాషలో లేని మాట, కాబట్టి మన దేశంలో లేని సమస్య అని పెద్దలు కొట్టివేస్తారని ఆమెకు తెలుసు. అయినా ఆమె ఆ సంసారాన్ని విడిచి బయటికి వస్తుంది. పేరు లేనంత మాత్రాన గాయం లేకుండా పోదు. స్త్రీవాదం పరదేశపు మాట అని తోసివేసేవారికి ఇంతకు మించిన జవాబు ఉండబోదు. అలాగని ఐడూ నాయికను గెలిపించి జేజేలు కొట్టించలేదు. ఎసీ స్వేచ్ఛను కోరి ఆలీ అన్నవానికి రెండవ భార్య అవుతుంది. అక్కడ ఆమెకు దక్కినది ఒంటరితనం. ప్రశ్న అక్కడితో తీరలేదని రచయిత్రి నిజాయితీగా ఒప్పుకొన్నారు. 2023లో మరణించిన ఐడూ, ఎమెచెటావలె సంకోచించక, ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడూ స్త్రీవాది కావలసినదేనని స్పష్టంగా చెప్పినవారు. 1982లో ఆమె తన దేశపు విద్యాశాఖకు అధిపతి అయి, విద్యను అందరికీ ఉచితం చేయాలన్న సంకల్పం నెరవేరదని తోచి, ఏడాదిన్నర కాలంలోనే పదవిని వదలుకొన్నారన్నది కూడా ఈ సందర్భంలో స్మరించదగినది.

భిన్నాభిప్రాయం ఒకే పుస్తకంలో, ఒకే స్నేహంలో కూడా ఇమడవచ్చునని చూపినవారు సెనెగల్ రచయిత్రి మరియామా బా. ఉపాధ్యాయ శిక్షణ పొంది బడిలో పాఠాలు చెప్పిన ఈమె యాభైయేళ్ళ వయస్సులో, 1979లో, ఫ్రెంచి భాషలో తన తొలి నవల ప్రకటించారు. ‘ఇంత సుదీర్ఘమైన లేఖ’ అని దాని పేరుకు అర్థం. మరుసటి యేడు ప్రప్రథమ నోమా బహుమతి ఆ నవలకే లభించినది. ఆ మరుసటి యేడే ఆమె కన్నుమూశారు. కథంతా రమతులాయె అన్న బడిపంతులమ్మ తన ప్రాణస్నేహితురాలు ఐస్సతుకు వ్రాసిన ఉత్తరం. ఇద్దరి భర్తలూ రెండవ పెండ్లి చేసుకొన్నవారే. ఐస్సతు నలుగురు కొడుకులతో ఇల్లు వదలి, చదువుకొని, దూరదేశంలో ఉద్యోగం సంపాదించినది. పన్నెండుమంది బిడ్డల తల్లి రమతులాయె విడాకులు తీసుకోలేదు. కాని భర్త మరణించిన తరువాత, ఆచారం పేరు చెప్పి తనను పెండ్లాడబోయిన బావగారిని నలుగురి ఎదుట నిలదీసి పంపివేసినది. ఈ ఇద్దరిలో ఎవరు స్త్రీవాది? విడిచి వెళ్ళినదా, నిలిచి మాట్లాడినదా? మరియామా బా తీర్పు చెప్పరు. ఒకరి నిర్ణయాన్ని ఒకరు ఆక్షేపించని ఆ స్నేహితురాండ్రను చూపించి ఊరుకుంటారు. వెళ్ళిపోయినది నిలిచినదానికి కారు కొనిచ్చి ఆదుకొన్నదే కాని, నీవు ఎందుకు రాలేదని ఎద్దేవా చేయలేదు.

కాలం మారినది. 1977లో జన్మించిన చిమమాండా న్గోజీ అడీచీ ఆ పేరును దాచుకోవడం మానివేశారు. అందరమూ స్త్రీవాదులం కావాలన్న ఆమె 2012 నాటి లండన్ ప్రసంగం 2014లో చిన్న పుస్తకంగా వచ్చినది. 2015లో స్వీడన్ దేశంలో పదహారేళ్ళ విద్యార్థులందరికీ దానిని పంచిపెట్టారు. ఎమెచెటా చిన్న అక్షరం కావాలని అడిగిన దేశంలోనే, ఇరవై తొమ్మిదేళ్ళకు, ఆమె జాతికే చెందిన మరొక స్త్రీ మాట బడిపిల్లల చేతికి అందినది. అయితే అడీచీ ఆ ప్రసంగంలో తన వాదానికి ఉదాహరణగా చూపినది ఏ పాశ్చాత్య విదుషీమణినో కాదు. ఇష్టం లేని వరుని ఇంటినుంచి పారిపోయి కోరినవానిని పెండ్లాడిన తన ముత్తవ్వను. ఆ ముత్తవ్వకు స్త్రీవాదం అన్న మాట తెలియదు. పెద్ద అక్షరం పట్టిన మనుమరాలు కూడా చివరకు చిన్న అక్షరం చెప్పిన చోటికే, తన ఇంటి ఆడవారి అనుభవానికే, వచ్చి నిలిచినది.

బోధించేవారికి ఇందులో గ్రహించవలసినది ఒకటి ఉన్నది. ‘ఈ రచయిత్రి స్త్రీవాదియా, కాదా?’ అన్న ప్రశ్నతో పాఠం ఆరంభిస్తే విద్యార్థి రెండు మాటలలో ఏదో ఒకటి వ్రాసి చేతులు దులుపుకుంటాడు. ‘న్నూ ఈగో దారి ప్రక్కన ఎందుకు చనిపోయినది? ఎసీకి మాట ఎందుకు దొరకలేదు? కారు కొనిచ్చిన స్నేహితురాలు ఎందుకు దెప్పలేదు?’ అని అడిగితే అతడు పుస్తకం తెరవక తప్పదు. తెరిచినవానికి ఇన్ని పేర్లు ఎందుకు పుట్టినవో తానే తెలుస్తుంది. రోగి ఒక్కొక్కచోట ఒక్కొక్క మాటతో బాధ చెప్పుకుంటాడు. మాట వేరైనదని వైద్యుడు రోగం లేదనడు. తమ బాధను తమ మాటతో చెప్పుకొనే హక్కు ఆఫ్రికా స్త్రీలకు ఉన్నది. ఆ మాట వేరైనదన్న సాకుతో బాధనే లేదనిపించే హక్కు మాత్రం, ఆఫ్రికాలో గాని మరొక చోట గాని, ఎవరికీ లేదు.